మట్‌లో ఫోల్డర్ పక్కన అంకెలు: మామకో ఉత్తరం

ఒంగోలు

ఒరేయ్ మామా,

ఎట్లా ఉన్నావురా? నెల్లూరు ఎండల సంగతి అడగను, ఇక్కడా అదే వరస. మొన్న ఫోన్లో అడిగావు కదా, మట్‌లో, అదే టెర్మినల్‌లో (అక్షరాలతోనే నడిచే కిటికీలో) మెయిల్ చూసుకునే ప్రోగ్రామ్‌లో, ఎడమ పక్కన ఫోల్డర్ల పేర్లు వచ్చాయి గానీ ఎన్ని మెయిల్స్ ఉన్నాయో అంకె రావట్లేదని. అది ఫోన్లో చెప్తే తెమిలే విషయం కాదు. అందుకే తీరిగ్గా రాస్తున్నా.

నా ఉద్యోగం నీకు తెలిసిందే. చీమకుర్తి గ్రానైట్ క్వారీ నుంచి వచ్చే మెయిల్స్ ఒక ఫోల్డర్లోకి, చెన్నై షిప్పింగ్ ఏజెంటువి ఇంకో దాంట్లోకి, బయ్యర్లవి వేరే దాంట్లోకి పోతాయి. గెలాక్సీ గ్రానైట్ బ్లాకు కొలతలు అడిగిన బయ్యర్‌కి పూట దాటినా జవాబు వెళ్ళకపోతే ఇంకో చోట బేరం ఆడేస్తాడు. ఒక్కో ఫోల్డరూ తెరిచి చూస్తే తప్ప ఏముందో తెలియదంటే టెన్షన్ కాదూ! పేరు పక్కన 3 అని కనపడితే ముందు అక్కడికే పోతాను.

మట్‌ని మైకేల్ ఎల్కిన్స్ 1995లో మొదలుపెట్టాడు. ఎడమ పక్కన ఫోల్డర్ల పేర్లుండే ఆ పట్టీ, అదే సైడ్‌బార్, మాత్రం చాలా ఏళ్ళు విడి ప్యాచ్‌గానే (కావలసినవాళ్ళు అతికించుకునే ముక్కగా) ఉండి, 2016లో 1.7 వెర్షన్‌తో అసలు ప్రోగ్రామ్‌లో చేరింది. చేరినా, అంకెలు వాటంతట అవి రావు. 'మెయిల్ చెక్ స్టాట్స్' అనే సెట్టింగ్ ఉంది, అది మామూలుగా 'నో'లో ఉంటుంది. నీ దగ్గర అడ్డం పడింది అదే. దాన్ని 'యస్' చెయ్యి, అప్పటినుంచి 60 సెకన్లకోసారి లెక్క చూసుకుంటుంది.

మరి మొదటి నుంచే 'యస్'లో ఎందుకు పెట్టలేదంటావా? లెక్కపెట్టడం ఊరికే జరగదురా. మెయిల్స్‌ని డిస్కులో దాచే ఎంబాక్స్ పద్ధతిలో ఫోల్డర్ మొత్తం ఒకే పెద్ద ఫైలు. అందులో చదవనివి ఎన్నో తేలాలంటే ఫైలు మొదలు నుంచి చివరి దాకా చదవాలి. మెయిల్‌డిర్ అనే ఇంకో పద్ధతిలో ఆ బాధ లేదు. ఒక్కో మెయిల్ ఒక్కో ఫైలు, దాని గుర్తులు ఫైలు పేరు చివరే ఉంటాయి. కోలన్, 2, కామా, ఆ తర్వాత ఎస్ అక్షరం ఉంటే చదివేసింది. ఎఫ్ ఉంటే ముఖ్యమని జెండా పెట్టింది, ఆర్ ఉంటే జవాబిచ్చింది. మెయిల్ తెరవకుండా పేర్లు చూస్తూ పోతే లెక్క వచ్చేస్తుంది. ఎంత శుభ్రమైన ఏర్పాటో చూడు, నాకైతే ముచ్చటేస్తుంది.

మెయిల్‌ని సర్వర్‌లోనే ఉంచి చూసే ఐమ్యాప్‌లో నేరుగా చూస్తే ఇంకో చిక్కు. ప్రతి ఫోల్డర్ గురించీ 'స్టేటస్' అని సర్వర్‌ని అడగాలి. ఆ జవాబు వేగంగా వస్తుందని నమ్మకం లేదని 2003లో వచ్చిన ఐమ్యాప్ ప్రమాణంలోనే రాసి ఉంది. నలభై ఫోల్డర్లుంటే, నెట్ నెమ్మదిగా ఉన్న రోజు స్క్రీన్ బిగుసుకుపోతుంది. అందుకే నేను ఎంబీసింక్ అనే ప్రోగ్రామ్‌తో మెయిల్ అంతా నా డిస్కులో మెయిల్‌డిర్‌గా దించుకుంటాను. లెక్క ఇంట్లోనే జరిగిపోతుంది. కాకపోతే సింక్ ఎప్పుడు అయిందో అప్పటి లెక్కే కనపడుతుంది, అది గుర్తుపెట్టుకో.

ఇక 'సైడ్‌బార్ ఫార్మాట్' చూడు, ఆ పట్టీలో ఏమేం కనపడాలో చెప్పే సెట్టింగ్ అది. పర్సెంట్ గుర్తు పక్కన పెద్ద బీ పెడితే ఫోల్డర్ పేరు, నక్షత్రం పెడితే ఆ తర్వాతవి కుడి అంచుకి పోతాయి. పెద్ద ఎన్ చదవనివి, పెద్ద ఎస్ మొత్తం, పెద్ద ఎఫ్ జెండావి. చాలామంది చదవనివి, మొత్తం రెండూ పెడతారు. నేను మొత్తం తీసేశాను. క్వారీ ఫోల్డర్లో వేలకొద్దీ మెయిల్స్ ఉన్నాయని పొద్దస్తమానం చూసి నేను చేసేదేముంది? చదవనివి, జెండావి చాలు. అవి కూడా సున్నా అయితే కనపడకూడదు. పర్సెంట్ తర్వాత ప్రశ్న గుర్తు, ఎన్, మళ్ళీ ప్రశ్న గుర్తు, లోపల కావలసింది రాసి, ఇంకో ప్రశ్న గుర్తుతో ముగించు. సున్నా ఉన్నచోట ఖాళీగానే ఉంటుంది.

ఇంకోటి, ఫోల్డర్లకి తెలుగులో పేర్లు పెడదామని నాకూ ఆశే. కానీ నా టెర్మినల్‌లో గుణింతాలు, ఒత్తుల దగ్గర వెడల్పు లెక్క తప్పి అంకెల వరస పక్కకి జరిగిపోతోంది. అది బాగుపడే దాకా ఇంగ్లీషు పేర్లే ఉంచు.

ఇవన్నీ చేసినా అంకె రాకపోతే నీ మట్ కాన్ఫిగ్ (సెట్టింగులుండే) ఫైలు నాకు పంపు, పాస్‌వర్డ్ ఉన్న లైను మాత్రం తీసేసి పంపు. అమ్మని అడిగానని చెప్పు.

నీ
మామ