మతిమరుపు జబ్బుతో బాధపడుతున్న పెద్దల కుటుంబాల కోసం మెరీనా నడక: విరాళాలకు విజ్ఞప్తి

భక్త మహాశయులకు నమస్కారములు.

శనివారం భజనలో ముందు వరుసన కూర్చునే పెద్దలు కొందరు రెండు మూడేళ్లుగా మన రామమందిరానికి రావడం లేదు. మోకాళ్ల నొప్పులై ఉంటాయనుకున్నాము. కమిటీ సభ్యులు ఇళ్లకు వెళ్లి పలకరించినప్పుడు, వారిలో కొందరికి డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, ఉన్నదని వైద్యులు చెప్పినట్లు, వారిని ఒంటరిగా వదలలేక ఇంటివారు కూడా గుడికీ పెళ్లిపేరంటాలకూ దూరమైనట్లు తెలిసింది. దీనిని ముసలితనపు చాదస్తమని తోసిపుచ్చడం మనమందరం చేసిన పొరపాటే. ఇది మెదడు కణాలు క్రమంగా దెబ్బతినడం వల్ల వచ్చే జబ్బు. 60 నుంచి 70 శాతం మందిలో దీనికి మూలం అల్జీమర్స్ అనే మెదడు వ్యాధి. 2023లో వెలువడిన ఒక అంచనా ప్రకారం మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షల మంది, డిమెన్షియా బారిన పడ్డారు.

చెన్నైలోని తెలుగు ఇళ్లకు ఇంకొక చిక్కు ఉంది. జబ్బు ముదిరేకొద్దీ తరువాత నేర్చిన భాష ముందుగా జారిపోయి, చిన్ననాటి భాషే మిగలడం తరచుగా కనిపిస్తుంది. నలభై ఏళ్లు తమిళంలో వ్యాపారం చేసిన మనిషి ఇప్పుడు మంచినీళ్లు కూడా తెలుగులోనే అడుగుతారు. చూసుకునే ఆయాకు ఆ మాట అర్థం కాదు.

అందుచేత సెప్టెంబరు 21న, ప్రపంచ అల్జీమర్స్ దినోత్సవం నాడు, మెరీనాలో శ్రామికుల విగ్రహం నుంచి గాంధీ విగ్రహం వరకు వెళ్లి తిరిగి వచ్చే నడకను తలపెట్టాము. తమిళ నెల పురటాసిలో తిరుమలకు కాలినడకన వెళ్లేవారున్న మన వీధులకు ఇదొక దూరం కాదు. నడిచేవారు బంధుమిత్రుల నుంచి విరాళాలు సేకరించవలెనని, నడవలేనివారు నడిచేవారి పేరున ఇవ్వవలెనని ప్రార్థన.

వచ్చిన సొమ్ముతో మందిరం వెనుక హాలులో వారానికి మూడు పగళ్లు ఈ పెద్దలను చూసుకొనేందుకు, తెలుగు తెలిసి తగిన శిక్షణ పొందిన ఇద్దరిని నియమిస్తాము. ఆ పూట ఇంటివారు బ్యాంకు పని చూసుకోవచ్చు, తమ వైద్యం చేయించుకోవచ్చు, కాసేపు నిద్రపోవచ్చు. ఎక్కువమంది అడిగినది నిద్రే. పిల్లల పేర్లు మరచినవారు సైతం భజన ఎత్తుకోగానే చరణాలు అందుకోవడం చూశాము గనుక, హాలులో టీవీకి బదులు హార్మోనియం పెట్టదలచాము.

దయచేసి ఈ విరాళాలను హుండీలో వేయకండి, అది నిత్యపూజల ఖాతాకు చేరుతుంది. కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకొనండి. జమాఖర్చులు నెలనెలా నోటీసు బోర్డు మీద ఉంచుతాము. ఇంటి సంగతి బయటపెట్టడానికి జంకేవారు అర్చకుల వారితో విడిగా మాట్లాడవచ్చు.

నడక ఉదయం 5.30 గంటలకు మొదలవుతుంది. మంచినీరు, మజ్జిగ మందిరమే ఏర్పాటు చేస్తుంది.

ఇట్లు,
రామమందిర నిర్వాహక కమిటీ, చెన్నై