పింఛను కాగితాల జిరాక్స్‌కు వచ్చిన పెద్దాయనకు

రాత్రి రెండు దాటింది. కడప ఏడు రోడ్ల దగ్గర మా డి.టి.పి. అంగట్లో 2011 నుంచి కట్టిన పెళ్ళిపత్రికలు, కరపత్రాలు, బిల్లుబుక్కులు ఇప్పుడు కొత్త కంప్యూటర్‌లో తెరుచుకుంటున్నాయి. కళ్ళు మూతలు పడుతున్నాయి గానీ ఈ నాలుగు మాటలు రాయకుండా పడుకోలేను.

పాత కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె, ఎస్‌ఎంపీఎస్, కాలిపోయింది. కొత్తది తెర వెనకే అంతా ఉండే ఆల్ ఇన్ వన్, ఫైళ్ళున్న పాత హార్డ్ డిస్క్ బిగించడానికి లోపల చోటు లేదు. డిస్క్ బయటికి తీసి, సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్‌తో తగిలిస్తే తెరమీద ఏమీ రాలేదు. ఒక సర్వీసు సెంటర్లో కూడా అట్లాంటి కేబులే పెట్టి చూసి, డిస్క్ పోయింది, హైదరాబాదుకు పంపాలి, 18 వేలు అవుతుంది, గ్యారంటీ లేదు అన్నారు.

ఆ పొద్దు పింఛను కాగితాలు జిరాక్స్ తీయించుకోవడానికి ఒక పెద్దాయన వచ్చారు. వంతు కోసం నిలబడి, బల్లమీద డిస్క్ చూసి, "తగిలించు నాయనా" అన్నారు. తగిలిస్తే దానిమీద అరచెయ్యి ఆనించి కాసేపు కళ్ళు మూసుకున్నారు. "ఇది తిరగడం ల్యాదు. చావలేదు, దీనికి కూడు అందలేదు అంతే."

అంతే విషయం. ల్యాప్‌టాప్‌లో వాడే రెండున్నర అంగుళాల డిస్క్‌కు యూఎస్‌బీ ఇచ్చే 5 వోల్టులు సరిపోతాయి. డెస్క్‌టాప్‌లోని మూడున్నర అంగుళాల డిస్క్‌లో మోటారు తిరగాలంటే 12 వోల్టులు కావాలి. ఉత్త కేబుల్‌లో అవి రావు. మోటారు తిరగని డిస్క్‌ను చూసి చచ్చిందని తేల్చేశారు. 18 వేలు అడిగే ముందు ఒక్కసారి చెయ్యి పెట్టి చూడొచ్చు కదా!

మరుసటి రోజు పొద్దున్నే ఆయన తన ఇంట్లోని మూడున్నర అంగుళాల డిస్క్ పెట్టె, దాని 12 వోల్టుల అడాప్టర్ సంచిలో పెట్టుకొని వచ్చారు. డిస్క్ తిరిగింది. తిరిగిన మరుక్షణమే విండోస్ "ఫార్మాట్ చేయాలి" అని అడిగింది. "నొక్కాకు!" అని ఆయన మౌస్ పక్కకు లాగేశారు. డ్రైవ్ మొదటి సెక్టారు, అంటే సమాచారం దాచే మొదటి చిన్న గడి, చదవడానికి రాకపోతే విండోస్ అట్లే అడుగుతుంది. ఒప్పుకుంటే ఫైళ్ళ పట్టిక ఉన్నచోట కొత్త ఖాళీ పట్టిక రాసిపెడుతుంది. డిస్క్ తప్పులు దిద్దే విండోస్ చెక్‌డిస్క్ కూడా వద్దన్నారు. పాడవుతున్న డిస్క్‌మీద అది దిద్దుబాట్లు రాస్తుంది, మిగిలింది కూడా పోవచ్చు.

విండోస్ బదులు పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ ఎక్కించి, పాడైన డిస్క్‌లను కాపీ చేసే డీడీరెస్క్యూ ప్రోగ్రాంతో 500 జీబీ డిస్క్ మొత్తాన్ని కొత్త 1 టీబీ డిస్క్‌కు దించారు. అది ముందు బాగున్న చోట్లన్నీ చదువుకుంటుంది, మొండికేసిన సెక్టార్ల దగ్గరికి చివర్లో వెనక్కి వస్తుంది. ఎంతవరకు చదివిందో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి కరెంటు పోయినా ఆగినచోటి నుంచే మొదలుపెట్టొచ్చు. అయితే ఆ మ్యాప్ ఫైల్ వేరే పెన్‌డ్రైవ్‌లో ఉండాలి. లినక్స్ ర్యామ్‌లో నడుస్తుంటే అక్కడ పెట్టింది కరెంటుతోపాటే పోతుంది. బాగున్న డిస్క్ అయితే రెండు మూడు గంటల పని, మాకు ఒకటిన్నర రోజు పట్టింది. డిస్క్ వేడెక్కకుండా టేబుల్ ఫ్యాను పెట్టి, గంటకోసారి ఆయన అరచెయ్యి ఆనించి చూసుకుంటూనే ఉన్నారు. ఆ చెయ్యి తలుచుకుంటే ఇప్పుడు కూడా గొంతు పట్టేస్తోంది.

విండోస్ డిస్క్‌మీద ఫైళ్ళు అమర్చే పద్ధతి ఎన్‌టీఎఫ్‌ఎస్. అది తన మొదటి సెక్టారు నకలు ఒకటి ఆ డ్రైవ్ చివర దాచుకుంటుంది. టెస్ట్‌డిస్క్ అనే ప్రోగ్రాంతో ఆ నకలు తెచ్చి ముందర పెట్టారు, అదీ కాపీ డిస్క్‌మీదే. ఫోల్డర్లన్నీ లేచి వచ్చాయి. పోయినవి మూడే మూడు టిఫ్ బొమ్మల ఫైళ్ళు.

పాత డెస్క్‌టాప్ ఫోల్డర్ అనుమతి లేదంటే, ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ, అందులో అడ్వాన్స్‌డ్‌కు పోయి ఓనర్‌ను మార్చాలి. ఫైళ్ళు లాగడానికి విండోస్‌లోని రోబోకాపీ కమాండ్ వాడేవాళ్ళు ఆర్ 1, డబ్ల్యూ 1 (/R:1 /W:1) తప్పక చేర్చండి. లేకుంటే చదవరాని ఒక్కో ఫైల్‌ను 30 సెకన్లకోసారి పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. ఎక్స్‌జె (/XJ) కూడా చేర్చాలి, లేదంటే యూజర్ ఫోల్డర్‌లో ఒకే దాంట్లోకి మళ్ళీ మళ్ళీ దూరుతూ పోతుంది.

ప్రోగ్రాములు మాత్రం కాపీ చేస్తే రావు. రిజిస్ట్రీలో, సిస్టమ్ ఫోల్డర్లలో వాటి ముక్కలు ఉంటాయి, సెటప్‌తో మళ్ళీ ఎక్కించాల్సిందే. విండోస్ 11 లో 64 బిట్ తప్ప లేదు, మరీ పాత 16 బిట్ సెటప్‌లు అసలు నడవవు. మేము పత్రికలు కట్టే పేజ్‌మేకర్ 7 నడిచింది. 'అను' పేరున్న తెలుగు ఫాంట్లు ఎక్కించేటప్పుడు "అందరు యూజర్లకు" అన్న ఇన్‌స్టాలే నొక్కాలి. మామూలు ఇన్‌స్టాల్ నొక్కితే ఫాంట్ ఆ ఒక్క యూజర్ ఫోల్డర్‌లోకి పోతుంది, పాత ప్రోగ్రాములకు కనబడకపోవచ్చు, తెలుగు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. ఇంకొకటి ఆయనే పట్టుకున్నారు: పేజ్‌మేకర్ బొమ్మల దారి గుర్తుపెట్టుకుంటుంది. పాతది డి డ్రైవ్ అయితే కొత్తది కూడా డి కావాల్సిందే. ఇ అని వస్తే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో అక్షరం మార్చేశారు. లేకుంటే దేవుడి బొమ్మలన్నీ మసకగా అచ్చయ్యేవి.

లెక్కల ప్రోగ్రాం ఒక్కటే ఇంకా రాలేదు. పాత కంప్యూటర్‌లో లైసెన్సు వదులుకుంటేనే కొత్తదాంట్లో ఇస్తారంట. పాతది కాలిపోయిందని మూడు రోజులుగా చెబుతున్నాం, ఫోన్ ఎత్తిన ప్రతి ఒక్కరూ అదే చదువుతున్నారు. డబ్బు కట్టి, బిల్లు తీసుకొని కొన్నది మాది కాకుండా ఎట్లా పోతుంది? కంప్యూటర్ మార్చేటప్పుడు పాతది బతికుండగానే దాంట్లో లైసెన్సులు వదిలించుకోండి, సీరియల్ నంబర్లు పుస్తకంలో రాసుకోండి, బ్రౌజర్ పాస్‌వర్డ్‌లు ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. పాస్‌వర్డ్‌ల ఫైల్ ఉత్తగా కాపీ చేస్తే కొత్తదాంట్లో తెరుచుకోదు.

పెద్దాయన పేరు చెప్పలేదు. ప్రొద్దుటూరు తట్టు అన్నారు. కవరులో డబ్బులు పెడితే తాకలేదు. పైగా ఆ మొదటి రోజు జిరాక్స్‌లకు నాలుగు రూపాయలు లెక్కపెట్టి బల్లమీద పెట్టిపోయారు. ఆ నాలుగు రూపాయలు ఇంకా అక్కడే ఉన్నాయి, తీయడానికి చేతులు రావడంలేదు. అయ్యా, మీకు దండం.

ఇంట్లోవాళ్ళు, తమ్ముడు మూడు రాత్రులు క్యారియర్లు మోశారు, వాళ్ళకు వేరే చెప్పేదేముంది.

మరిచేపోయా, వీళ్ళకు కూడా దండాలు: తన బిల్లింగ్ ఆపుకొని యూపీఎస్ ఇచ్చిన పక్కంగడి మందుల షాపు అన్నకు. కొత్తదాంట్లో సీడీ డ్రైవ్ లేదంటే యూఎస్‌బీ డ్రైవ్ తెచ్చిన పిల్లోడికి. ఫాంట్ల సీడీ వెతికి బస్సులో పంపిన రాయచోటి డి.టి.పి. అన్నకు, దాన్ని భద్రంగా తెచ్చిచ్చిన ఆ కండక్టర్‌కు కూడా. పత్రికలు ఆలస్యమైనా ఒక్క మాట అనని రెండు పెళ్ళిళ్ళవాళ్ళకు, మీవి రేపు సాయంత్రానికి అచ్చులో ఉంటాయి.

పెద్దాయన పెట్టె, అడాప్టర్ గుడ్డలో చుట్టి కౌంటర్ కింద పెట్టాం. ఆయన తెలిసినవాళ్ళెవరైనా ఇది చదివితే ఊరు చెప్పండి చాలు, మేమే తెచ్చిస్తాం.