వలను కాదు, వల కన్నును చూడండి

సంపాదకులకు నమస్కారం.

పులికాట్‌లో మత్స్యసంపద తరిగిపోవడానికి జాలర్ల వలలే కారణమని కొందరు, తాతల నాటి వేటతో ఏ హానీ లేదని మరికొందరు వాదిస్తూ ఉంటారు. తడ ప్రాంతంలో పుట్టి, ఉద్యోగరీత్యా తిరుపతిలో స్థిరపడిన నాకు రెండింటిలోనూ సగమే నిజం కనిపిస్తుంది. 2022లో జిల్లాల పునర్విభజనతో సరస్సులోని ఆంధ్ర భాగం తిరుపతి జిల్లాలోకి వచ్చింది కనుక ఇది ఇప్పుడు మన ఇంటి సంగతే.

తెల్లరొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. దాని పిల్లలు పోటు నీటితో ముఖద్వారం గుండా సరస్సులోకి చేరి, లోతు తక్కువైన చోట పెరిగి, ఎదిగిన తరువాత మళ్లీ సముద్రానికి పోతాయి. ఆ దారికి అడ్డంగా దోమతెరలాంటి సన్నకన్ను వల కట్టినప్పుడు, చేతికి వచ్చే గంపెడు పిల్లల కోసం రాబోయే నెలల పట్టునంతా పోగొట్టుకుంటున్నాము. విసురు వలతో ఒక మనిషి పట్టేదానికీ దీనికీ పోలిక లేదు. పైగా పూర్వపు నూలు వల నీటిలో పోయినా కొంతకాలానికి కుళ్లిపోయేది. నైలాన్ వల మాత్రం తెగిపోయాక కూడా ఏళ్ల తరబడి పీతలను, చేపలను చిక్కించుకుంటూనే ఉంటుంది. నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూళ్లు కట్టే గూడబాతులు మేతకు పులికాట్‌కే వస్తాయన్నది కూడా మరువరాదు.

అయితే జాలరి ఒక్కడినే బోనులో నిలబెట్టడం అన్యాయం. రాయదొరువు దగ్గర ముఖద్వారం ఇసుకతో పూడిపోతే సముద్రపు నీరు రాదు. శ్రీహరికోటకు సరస్సు మధ్యగా వేసిన రోడ్డు నీటి పారుదలను ఎప్పుడో అడ్డుకుంది. ఎండాకాలంలో ఉత్తర భాగం చాలావరకు ఎండిపోతుంది. మిగిలిన కాస్త మడుగులో చేపలన్నీ గుమిగూడినప్పుడు మామూలు వల కూడా ఊడ్చిపెట్టే వలే అవుతుంది.

జాలరి పల్లెలకు కట్టుబాట్లు కొత్త కావు. దక్షిణ భాగంలోని కొన్ని ఊళ్లలో ఎవరు ఎక్కడ, ఏ రోజు వల కట్టాలో ‘పాడు’ అనే వంతుల పద్ధతి నిర్ణయిస్తుంది. మన వైపు కాపుల (జాలరి పల్లె పెద్దల) దురాయికి, అంటే వారు విధించే కట్టడికి, నేటికీ ఎంత బలముందో చెప్పనక్కరలేదు (ఆ బలం ఎప్పుడూ మంచికే వినియోగపడిందని నేను అనను). ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో మరపడవల వేటను ఆపుతున్న మత్స్యశాఖ, ఆ పెద్దలతోనే కూర్చుని సరస్సుకు తగిన కన్ను కొలతను, ముఖద్వారం దగ్గర వల కట్టకూడని మేరను నిర్ణయించాలి. ఆ కట్టడి అమలులో ఉన్న రోజులకు భృతి కూడా ఇవ్వాలి. పూడిక తీయకుండా వలల మీద మాత్రమే ఆంక్షలు పెడితే ఏ పల్లే ఒప్పుకోదు.

చివరగా, తిరుపతి మార్కెట్లో చిటికెన వేలంత కూడా లేని రొయ్యలను చవకగా వస్తున్నాయని కొనేది మనమే. ఆ పరిమాణం సరుకు అమ్మకాన్ని నగరంలోనే ఆపగలిగితే, సరస్సులో సన్నకన్ను వల కట్టే అవసరం సగానికి సగం తగ్గుతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
తిరుపతి.