పడమటి అద్దాలకు నీడ తప్పనిసరి చేయాలి

సంపాదక మహాశయా,

లడాఖ్‌లో ఇంటికి దక్షిణం వైపు అద్దాలతోనో పాలిథిన్‌తోనో ఒక గది కలిపి కడతారు. నడి చలికాలంలో లేహ్ పట్టణంలో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు 32 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు కనుక ఎండ ఏటవాలుగా లోపలిదాకా పడుతుంది. ఆ వేడిని నేల, గోడలు పట్టుకుని రాత్రి ఇంటికి ఇస్తాయి. కట్టెలు, పిడకలు ఆదా. అందులోనే ఆకుకూరలూ పండించుకుంటారు. ఆ చలికి అది తగిన కట్టడం.

మన అనంతపురంలో ఏప్రిల్ చివరికి సూర్యుడు సరిగ్గా నడినెత్తికొస్తాడు, మధ్యాహ్నం దాటితే పడమటి గోడను కాలుస్తాడు. అటువైపే నిలువెత్తు అద్దాలు బిగిస్తున్నాం! అద్దం ఎండను రానిస్తుంది, లోపలి వేడిని పోనివ్వదు. ఇక ఏసీ ఆపే పనే ఉండదు. మందపు గోడలు, చిన్న కిటికీలు, పైన చవుడు పరిచిన మట్టి మిద్దెలు కట్టిన సీమలో ఇలా జరగడం బాధాకరం.

ఇళ్ల కోసం కేంద్రం 2018లో ‘ఎకో నివాస్ సంహిత’ అనే ఇంధన పొదుపు నియమావళి తెచ్చింది. మనలాంటి వేడి ప్రాంతాల్లో గోడలు, కిటికీల గుండా లోపలికొచ్చే వేడి సగటున చదరపు మీటరుకు 15 వాట్లు మించరాదని అందులో ఉంది. తెలంగాణ 2023లో, ఎండను తిప్పికొట్టే తెల్లపూత వంటి ‘చల్లని పైకప్పుల’ విధానమే ప్రకటించింది. మన దగ్గర ప్లాన్ మంజూరు చేసేటప్పుడు పడమటి అద్దాలకు నీడ ఉందా, శ్లాబుపై తెల్లపూత వేస్తారా అని అధికారులు అడగాలి. పేదల కాలనీ ఇళ్లకు ఆ పూత ప్రభుత్వమే వేయించాలి. ఏసీ కొనలేనివారు వేసవంతా ఆ శ్లాబు కిందే గడపాలి కదా.

ఇట్లు,
ఒక పాఠకుడు, అనంతపురం