వత్తులు తెగని బటన్ ఒక్కసారి చేసిపెడితే చాలు

సంపాదకులకు నమస్కారం.

ప్రభుత్వ పోర్టళ్లలో దరఖాస్తు పెట్టడానికి జనం పడుతున్న ఇబ్బందుల మీద పత్రికల్లో తరచూ ఉత్తరాలు వస్తుంటాయి. సర్వర్ డౌన్, ఓటీపీ రాలేదు, ఫొటో అప్‌లోడ్ కాలేదు అని. ఎవరూ పెద్దగా ప్రస్తావించని ఇంకో సంగతి ఉంది. నేను గుంటూరులో ఇంటి నుంచే పనిచేసే వెబ్ డెవలపర్‌ని. తెరమీద మనకు కనిపించే భాగం, అంటే ఫ్రంటెండ్, నా పని.

ఈమధ్య పక్కింటి పిన్నిగారికి ఒక శాఖ పోర్టల్‌లో దరఖాస్తు నింపిపెడుతున్నాను. ఇంటిపేరు కొట్టి, శ్రీలక్ష్మి అని తెలుగులో మొదలుపెట్టేసరికి సగంలోనే గడి ఆగిపోయింది. మన కంటికి శ్రీలక్ష్మి మూడక్షరాలే. కంప్యూటర్ అలా చూడదు. ఒక్క శ్రీ అక్షరాన్నే శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అని నాలుగుగా లెక్కేస్తుంది. మొత్తం పేరు 11 అవుతుంది. పేరుకు ఇన్నే అక్షరాలని హద్దు పెట్టినవాళ్లు ఇంగ్లిష్ పేర్లనే దృష్టిలో పెట్టుకుని ఉంటారు. ఆ కిందనే ఉన్న బటన్ మీద ‘దరఖాస్తు’ అన్న మాటలో త వత్తు తెగిపోయి ‘దరఖాసు’ అని కనిపిస్తోంది. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయేలా బటన్ ఎత్తు బిగించేసి, దాటి వచ్చినదాన్ని దాచెయ్యమని, పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్‌లో రాస్తే జరిగేది ఇదే.

ఈ రెండూ సరిచెయ్యడం తెలిసినవాళ్లకు పూటపని. కానీ ఒక శాఖలో సరిచేసినంత మాత్రాన ఇంకో శాఖలో సరికాదు. ప్రతి కాంట్రాక్టరూ తన బటన్, తన పేరు గడి మొదటి నుంచీ రాసుకుంటున్నాడు. అదే తప్పు ప్రతిచోటా కొత్తగా పుడుతోంది.

ఈ చిక్కుకు కంపెనీల్లో వాడే పద్ధతి మోనోరెపో. అంటే, సంబంధం ఉన్న వెబ్‌సైట్ల కోడంతా ఒకే రిపాజిటరీలో (కోడ్ భద్రపరిచే చోటు) ఉంచడం. గూగుల్ ఇంజినీర్లు 2016లో రాసిన వ్యాసంలో, తమ కంపెనీ కోడ్ దాదాపు 200 కోట్ల లైన్లు అలా ఒకేచోట ఉందని చెప్పారు. మేమున్నది చిన్న టీమ్. ఒక విద్యాసంస్థకు అడ్మిషన్ల సైట్, తల్లిదండ్రుల సైట్, సిబ్బంది సైట్ చేస్తాం. మూడూ యాప్స్ ఫోల్డర్‌లో ఉంటాయి. దాని పక్కనే ప్యాకేజెస్ ఫోల్డర్. అందులో ఒక ప్యాకేజీలో బటన్, పేరు గడి, ఫోన్ నంబర్ గడి లాంటి కాంపొనెంట్లు, ఇంకోదాంట్లో రంగులు, ఫాంటు, అక్షరాల సైజు, వరసల మధ్య ఎడం. వీటన్నిటినీ పీఎన్‌పీఎమ్ అనే టూల్‌లోని వర్క్‌స్పేస్ కలుపుతుంది. ఏదైనా మారిస్తే, ఆ మార్పు తగిలే సైట్లను మాత్రమే టర్బోరెపో అనే ఇంకో టూల్ మళ్లీ బిల్డ్ చేస్తుంది, అంటే విడుదలకు సిద్ధం చేస్తుంది. తెలుగు వరసల ఎడాన్ని అక్షరాల సైజుకు 1.2 రెట్ల నుంచి 1.7 రెట్లకు పెంచినప్పుడు మేం మార్చింది ఒక్క ఫైల్లో ఒక్క లైను. మూడు సైట్లలోనూ వత్తులు పూర్తిగా కనిపించాయి.

ఫోల్డర్లు సర్దినంత మాత్రాన అన్నీ కుదురుకోవు. పేజీలు కట్టడానికి వాడే రియాక్ట్ లైబ్రరీ రెండు కాపీలు పడ్డాయంటే పేజీ ఎర్రర్ కొడుతుంది. రంగులూ కొలతలూ దిద్దే టెయిల్‌విండ్‌కు ప్యాకేజెస్ ఫోల్డర్ చూపించకపోతే బటన్ వస్తుంది గానీ దాని రంగూ, కొలతలూ రావు. అన్నిటికన్నా కష్టమైంది మనుషుల మధ్య వ్యవహారం. ప్రతివాళ్లూ తమ సైట్ కోసం ఒక ఆప్షన్ చేర్చుకుంటూ పోతే కొన్నాళ్లకు ఆ ఉమ్మడి బటన్‌ని ముట్టుకోవాలంటేనే అందరికీ టెన్షన్. అందుకే ఉమ్మడి ప్యాకేజీలో ఏ మార్పయినా ఇద్దరు చూసి ఒప్పుకోనిదే మేం కలపం.

ప్రభుత్వ శాఖలన్నిటి కోడూ ఒకే రిపాజిటరీలో పెట్టాలని నేను అడగడం లేదు. టెండర్లు వేరు, కాంట్రాక్టర్లు వేరు, భద్రత అవసరాలు వేరు. అది కుదిరే పని కాదు. ఉమ్మడి భాగాలకు మాత్రం ఒక రిపాజిటరీ కావాలి. బ్రిటన్‌లో జరిగింది అదే. 2012లో ప్రభుత్వ సేవలకు ఒకే వెబ్‌సైట్‌గా గవ్‌.యూకే మొదలుపెట్టారు, 2018లో దాని డిజైన్ సిస్టమ్‌ని విడుదల చేశారు. బటన్లు, గడులు, ఎర్రర్ సందేశాలు అన్నీ ఒక ప్యాకేజీగా, డెవలపర్లు కోడ్ తెచ్చుకునే ఎన్‌పీఎమ్‌లో ఉన్నాయి, కోడ్ అందరికీ తెరిచే ఉంది. అందులో నాకు బాగా నచ్చింది పుట్టినతేదీ గడి. క్యాలెండర్ ఉండదు. రోజు, నెల, సంవత్సరం కొట్టడానికి మూడు చిన్న గడులుంటాయి. 1952లో పుట్టిన పెద్దాయన క్యాలెండర్‌లో నెలనెలా వెనక్కి నొక్కుకుంటూ పోనక్కర్లేదు.

ఉమ్మడిగా చెయ్యడం మనకూ కొత్తేం కాదు. మన రెండు రాష్ట్రాల జిల్లాల వెబ్‌సైట్లు తెరిచి చూడండి, దాదాపు ఒకే తీరున ఉంటాయి. ఎన్‌ఐసీ (కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ) వారి ఉమ్మడి వేదిక మీద నడుస్తున్నాయి కాబట్టి. ప్రభుత్వ వెబ్‌సైట్లు ఎలా ఉండాలో కేంద్రం మార్గదర్శకాలు కూడా 2009 నుంచీ ఉన్నాయి, మూడో కూర్పు 2023లో వచ్చింది. అయితే మార్గదర్శకాలు చదివి ఎవరికివాళ్లు కోడ్ రాసుకుంటే తెలుగు వత్తు గురించి ఆలోచించేవాడు ఒకడుంటాడు, పదిమంది ఉండరు. ఆ ఒక్కడు రాసిన కోడే పదిమందికీ అందాలి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఐటీ శాఖలు కలిసి ఈ పని చెయ్యాలని కోరుతున్నాను. భాష ఒకటే కాబట్టి రెండుసార్లు చెయ్యాల్సిన అవసరం లేదు. పేరు గడి, చిరునామా, పుట్టినతేదీ, బటన్, తెలుగులో ఎర్రర్ సందేశాలు, వీటితో మొదలుపెట్టవచ్చు. చూపులేనివాళ్లు తెరమీది మాటలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో వాడి చూసి సరే అన్నాకే విడుదల చెయ్యాలి. దాన్ని వాడితీరాలని కొత్త పోర్టళ్ల టెండరు పత్రాల్లో ఒక షరతు పెట్టాలి. కోడ్ అందరికీ కనిపించేలా ఉంచితే నాలాంటివాళ్లు తప్పులు వెతికి పంపగలం. తెలుగు పేర్లకు సరిపడే పేరు గడి, పరీక్షలతో సహా, రాసి ఉచితంగా ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

– ఒక వెబ్ డెవలపర్, గుంటూరు