ఓటీపీకి ఇంకాస్త టైమ్ ఇవ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మెదడులో చిప్ అమర్చుకుని, ఆలోచనతోనే కంప్యూటర్ నడిపే ప్రయోగాల గురించి మీ పేజీల్లో వచ్చినప్పుడల్లా వదలకుండా చదువుతాను. 2024 జనవరిలో న్యూరాలింక్ సంస్థ మొదటిసారి ఒక మనిషికి ఆ చిప్ పెట్టినప్పుడు మా ఇంట్లో అందరి నోటా అదే మాట. నాలాంటివాళ్లకు అలాంటి వార్త ఎంత ధైర్యమిస్తుందో మాటల్లో చెప్పలేను. అయితే ఇప్పటికే మా దగ్గర ఉన్న పరికరాలు ఎక్కడికి వెళ్లి ఆగిపోతున్నాయో కూడా మీ పాఠకులకు తెలియాలి. యాప్‌లు, వెబ్‌సైట్లు తయారుచేసేవాళ్లకు మరీ తెలియాలి. అందుకే ఈ ఉత్తరం.

నాకు కండరాల క్షీణత జబ్బు. ముందు కాళ్లలో బలం పోయింది, ఆ తర్వాత భుజాల్లో, ఆ తర్వాత మణికట్లలో. కుడిచేతి బొటనవేలు మాత్రం ఇంకా నా మాట వింటోంది. ఆ వేలి కింద తేలిగ్గా దిగే బటన్ ఒకటి పెట్టుకుని ఫోనూ కంప్యూటరూ రెండూ వాడుకుంటాను. చిన్న చిన్న వ్యాపారుల లెక్కలు రాసిపెట్టడం నా పని. ఈ ఉత్తరం కూడా ఆ బటన్‌తోనే రాస్తున్నాను. గొంతు సహకరించినప్పుడు కొంత భాగం ఫోన్‌కు చెప్పి టైప్ చేయించాను.

బటన్ ఒక్కటే అయినప్పుడు స్క్రీన్ మీద ఇన్నిటిని ఎలా ఎంచుకుంటామని చాలామంది అడుగుతారు. ఒక రంగు పెట్టె వరుస తర్వాత వరుస కిందికి దిగుతూ ఉంటుంది. నాకు కావాల్సిన వరుస మీదకు రాగానే నొక్కాలి. అప్పుడది ఆ వరుసలో ఒక్కో గడి మీదుగా జరుగుతుంది. కావాల్సిన గడి దగ్గర మళ్లీ నొక్కాలి. దీన్నే స్విచ్ స్కానింగ్ అంటారు. అంకెల ప్యాడ్ మీద 9 కొట్టాలంటే మూడో వరుస దాకా ఆగాలి, ఆ వరుసలో మూడో గడి దాకా ఆగాలి. ఒక్కో అడుగుకు ఒకటిన్నర సెకను పెట్టుకుంటే ఆ ఒక్క అంకెకే తొమ్మిది సెకన్లు. వేగం పెంచుకోవచ్చు కానీ నా వేలు అందుకోలేదు, నొక్కేలోపే గడి దాటిపోతుంది. దాటిందంటే ఆ చుట్టు మళ్లీ తిరిగి రావాల్సిందే. తెలుగు రాసేటప్పుడు గుణింతాలు, వత్తులు కూడా విడివిడిగా వెతుక్కోవాలి. 'వ్యక్తి' అన్న రెండక్షరాల మాటకు ఏడు ఎంపికలు. మాట సగంలో ఉండగానే మిగతాది కీబోర్డ్ సూచిస్తుంది కాబట్టి రోజు గడుస్తోంది.

ఇదంతా నిన్న మొన్న పుట్టింది కాదు. 1960ల్లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో మెడ కింద కదలిక లేనివాళ్ల కోసం రెగ్ మేలింగ్ అనే ఆయన గొట్టంలోకి ఊదుతూ, పీలుస్తూ టైప్ చేసే పరికరం తయారుచేశారు. భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ తన చెంప కండరం కదలికతో రాసేవారు. కళ్లజోడుకు బిగించిన సెన్సర్ ఆ కదలికను పట్టుకునేది. ఆయన కోసం ఇంటెల్ తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌ను 2015లో అందరికీ ఉచితంగా ఇచ్చేశారు. ఇలా బటన్‌తో ఫోన్ నడపడానికి యాపిల్ ఫోన్లలో 2013 నుంచి స్విచ్ కంట్రోల్ ఉంది, ఆండ్రాయిడ్‌కూ స్విచ్ యాక్సెస్ ఉంది. యాపిల్ 2024లో కంటిచూపుతో ఫోన్ నడిపే సదుపాయం కూడా ఇచ్చింది. మా బటన్లలో ఎక్కువ వాటికి ఒకే 3.5 మిల్లీమీటర్ల జాక్ ఉంటుంది కాబట్టి ఒక కంపెనీ బటన్‌ను ఇంకో కంపెనీ పరికరానికి తగిలించుకోవచ్చు. మా వైపు జరగాల్సిన పని ఇంత దూరం వచ్చింది. అటువైపు యాప్‌లు, వెబ్‌సైట్లు పెట్టే గడియారమే మమ్మల్ని ఆపేస్తోంది.

ఆరు అంకెల ఓటీపీలో పెద్ద అంకెలే పడ్డాయనుకోండి, తప్పేమీ పడకుండా కొట్టినా దాదాపు నిమిషం. దానికి ముందు మెసేజ్ తెరవాలి, కోడ్ గుర్తుపెట్టుకోవాలి, మళ్లీ వెనక్కి రావాలి. కోడ్‌ను ఫోన్ తనంతట తాను నింపితే బతికిపోయినట్టే, కానీ అన్ని చోట్లా నింపదు. ఆఖరి అంకె దగ్గర ఉండగా గడువు అయిపోతుంది. కొన్ని చోట్ల కోడ్ ఒక్కటే పోదు, అప్పటిదాకా నింపిన ఫారం మొత్తం ఖాళీ అయిపోతుంది. ఒకసారి దరఖాస్తు మొత్తం నింపి పంపబోతుంటే 'సెషన్ ముగిసింది, మళ్లీ లాగిన్ అవ్వండి' అని వచ్చింది. అప్పటికే వేలు అలసిపోయింది, ఆ రోజుకు ఇంక ఏ పనీ చేయలేకపోయాను.

ఇంతకంటే బాధపెట్టేది ఇంకొకటి ఉంది. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని అందరూ హెచ్చరిస్తారు, మంచి మాటే. కానీ గడువు అందుకోలేక నేను ఆ కోడ్, పిన్ నంబర్ రెండూ పక్కనున్న మనిషికి చెప్పాల్సి వస్తోంది. మా చెల్లెలు ఇంట్లో ఉంటే తనకు చెప్తాను. లేనప్పుడు, నన్ను చూసుకోవడానికి వచ్చే ఆవిడకు చెప్పాలి. ఆవిడ మంచి మనిషి, కానీ నా సంపాదన ఎంతో, ఎవరికి ఎంత పంపానో ఆవిడకు ఎందుకు తెలియాలి? రేపు ఏదైనా తేడా వస్తే ముందు అనుమానం పడేది కూడా ఆవిడ మీదే. దొంగల నుంచి కాపాడటానికి పెట్టిన గడువు నా తాళాన్ని నాచేతే ఇంకొకరికి ఇప్పిస్తోంది.

సెక్యూరిటీ కోసం గడువు తప్పదంటారు. ఒప్పుకుంటాను, అక్కడ ఉన్నది నా డబ్బు కూడా. అయితే అది ఎంత ఉండాలన్నదే ప్రశ్న. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు ఫోన్‌కు పంపే ఇలాంటి కోడ్‌కు పది నిమిషాల దాకా గడువు ఒప్పుకున్నాయి. నాకు అంత కూడా అక్కర్లేదు, అయిదు నిమిషాలు చాలు. కోడ్ గడువు దాటినా ఫారంలో నింపినవి చెరిపేయకుండా, కొత్త కోడ్ అడిగే బటన్ అక్కడే ఉంచితే సగం టెన్షన్ తగ్గిపోతుంది.

సెషన్ గడువుల గురించి వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ 2008లోనే స్పష్టంగా చెప్పింది. గడువును తీసేసుకునే వీలుండాలి, లేకపోతే కనీసం పది రెట్లు పెంచుకునే వీలుండాలి, అదీ కాకపోతే ముగిసే ముందు హెచ్చరించి, కనీసం 20 సెకన్లు ఇచ్చి, ఒక్క నొక్కుతో పొడిగించుకోనివ్వాలి. వేలంపాటలాంటి వాటికి మినహాయింపులున్నాయి. ఇది అన్నిటికంటే కింది స్థాయి నిబంధన, కనీస అవసరం అన్నమాట. 2023లో వచ్చిన కొత్త వెర్షన్ ఇంకా ముందుకెళ్లి, లాగడం తప్పనిసరైన చోట తప్ప, వేలితో లాగాల్సిన ప్రతిదానికీ నొక్కి పనిచేసే దారి కూడా ఉండాలంది. అయినా నేను మనిషినేనని నిరూపించుకోవడానికి బొమ్మముక్కను పక్కకు లాగి అతికించమనే పేజీలు ఇప్పటికీ ఎదురవుతూనే ఉన్నాయి.

చివరగా మీకే ఒక మనవి. మీ యాప్‌లో వార్త మీదకు వచ్చే ప్రకటనను మూసే ఇంటూ గుర్తు స్కానింగ్‌లో హైలైట్ కావడం లేదు. దానికి కోడ్‌లో బటన్ అన్న గుర్తింపు, ఒక పేరు ఇస్తే మా రంగు పెట్టె దాని మీద ఆగుతుంది. డెవలపర్‌కు అది చిన్న పని. ఆండ్రాయిడ్ ఫోన్‌లో స్విచ్ యాక్సెస్ ఆన్ చేసుకుని, వాల్యూమ్ బటన్‌ను స్విచ్‌గా పెట్టుకుని, స్క్రీన్‌ను తాకకుండా ఒక వార్త చివరిదాకా చదివి చూడమని మీ బృందానికి చెప్పండి. ఆ ప్రకటన సరిచేశాక ఏం మార్చారో మీ పత్రికలో రాయండి, మిగతా యాప్‌లవాళ్లూ చూస్తారు.

ఇట్లు,
మీ పాఠకురాలు
(పేరు ప్రచురించవద్దని మనవి)