ఆస్ట్రేలియాకు సామాను పంపేవారికి మనవి

సభ్యులందరికీ నమస్కారం. హైదరాబాద్ నుంచి మెల్‌బోర్న్‌కు కాపురం మారుస్తున్నవారు కేవలం తక్కువ ధర చూసి ప్యాకర్స్ సంస్థకు అడ్వాన్సు ఇవ్వవద్దు. సామానంతా స్వయంగా చూసి, ఘనపు మీటర్లలో లెక్కగట్టి, రాతపూర్వకంగా కొటేషన్ ఇచ్చేవారినే ఎంచుకోండి. అందులో పోర్టు ఛార్జీలు, కస్టమ్స్ క్లియరెన్సు, క్వారంటైన్ (బయటి పురుగులు, తెగుళ్లు రాకుండా చేసే) తనిఖీ రుసుము, ఇంటి వరకు డెలివరీ ఉన్నాయో లేవో ఒక్కొక్కటిగా అడగండి, ఎందుకంటే పోర్టు వరకే మాట్లాడుకున్నవారికి ఈ ఖర్చులన్నీ సామాను అక్కడ దిగాక విడిగా మీద పడతాయి. విదేశాలకు సామాను తరలించే సంస్థల అంతర్జాతీయ సమాఖ్య ఫిడి (FIDI) ఇచ్చే ఫెయిమ్ (FAIM) నాణ్యతా గుర్తింపు మీ ప్యాకర్స్ సంస్థకు ఉందేమో ఆ సమాఖ్య వెబ్‌సైట్‌లోనే సరిచూసుకోండి. మనం సర్దుకున్న పెట్టెల్లో పగిలినవాటికి సాధారణంగా బీమా వర్తించదు. విత్తనాలు, మట్టి అంటిన చెప్పులు పెట్టవద్దు. చెక్క పూజామందిరం ఉంటే జాబితాలో తప్పక రాయండి, అక్కడి బయోసెక్యూరిటీ అధికారులు చెక్క వస్తువులను పురుగు కోసం పరిశీలిస్తారు.